షుగరు పిల్లికి కీటోన్ల పరీక్ష

మధుమేహం ఉన్న పిల్లి మూత్రంలోనో రక్తంలోనో కీటోన్లు పెరిగాయంటే దాని ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా చాలడం లేదని అర్థం. రక్తంలో చక్కెర పొంగి పొర్లుతున్నా, దాన్ని కండరాలకూ కొవ్వు కణాలకూ అందించే ఇన్సులిన్ లేకపోతే అవి పస్తే. అప్పుడు శరీరం నిల్వ ఉన్న కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు రక్తం వెంట కాలేయానికి చేరి, అక్కడ కీటోన్లుగా మారతాయి. పస్తున్న ఏ జంతువులోనైనా కాసిని కీటోన్లు తయారవుతాయి, వాటిని ఒళ్లు ఇంధనంగా వాడేసుకుంటుంది. ఆ తయారీని అదుపులో పెట్టేది ఇన్సులినే. అది లేనప్పుడు కీటోన్లు వాడకానికి మించి పేరుకుని రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ఇది ప్రాణం తీస్తుంది.

షుగరు పిల్లిని సాకే ఇళ్లలో అందరి చూపూ గ్లూకోమీటరు మీదే ఉంటుంది. 350 కనబడితే గుండె జారిపోతుంది. కానీ 350 ఉండి కూడా ఆవురావురుమని తిని గోడలెక్కే పిల్లి కన్నా, 220 ఉండి రెండు పూటలుగా గిన్నె ముట్టని పిల్లి, అందులోనూ మూత్రంలో కీటోన్లు పడుతున్నది, చాలా పెద్ద ప్రమాదంలో ఉంది. ఇంటి సంరక్షణలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే. చక్కెర అంకె ఎంతో కొంత కాలం ఆగుతుంది, కీటోన్లు ఆగవు.

పిల్లుల్లో వచ్చే మధుమేహం ఎక్కువగా మనుషుల్లోని రెండో రకాన్ని పోలి ఉంటుంది. క్లోమ గ్రంథి ఇన్సులిన్ తయారు చేస్తూనే ఉంటుంది కానీ శరీరం దానికి సరిగా స్పందించదు. ఆ లోటు పూడ్చడానికి ఇన్సులిన్ కణాలు అదనంగా శ్రమించి అలసిపోతాయి. వాటి చుట్టూ అమైలాయిడ్ అనే మాంసకృత్తి పేరుకుపోవడం పిల్లుల్లోనూ మనుషుల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. నడివయసు దాటినవి, లావెక్కినవి, గడప దాటకుండా ఇంట్లోనే పెరిగేవి, ముఖ్యంగా వృషణాలు తీయించిన మగపిల్లులు దీని బారిన ఎక్కువగా పడతాయి. దురదలకో ఉబ్బసానికో వాడే స్టెరాయిడ్ మందులు కూడా మధుమేహాన్ని తెచ్చిపెట్టగలవు. కొన్ని పిల్లుల్లో మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో కణితి వచ్చి గ్రోత్ హార్మోన్ అతిగా ఊరుతుంది. అలాంటి పిల్లికి ఎంత ఇన్సులిన్ ఇచ్చినా చక్కెర లొంగదు.

లక్షణాలు పోల్చుకోవడం కష్టం కాదు, కాకపోతే మెల్లగా వస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లు వాటికి అలవాటు పడిపోతారు. పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, బాగా తింటూనే చిక్కిపోతుంది. మూత్రం పోసిన చోట చీమలు చేరతాయి. లిట్టర్ ట్రేలో ఇసుక పెద్ద పెద్ద ముద్దలుగా కడుతుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లకు మించి తాగుతోందంటే, అంటే నాలుగు కిలోల పిల్లి 400 మిల్లీలీటర్లు దాటిందంటే, పరీక్ష చేయించాల్సిందే. జబ్బు ముదిరితే నరాలు దెబ్బతిని వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడుస్తుంది. ఎగరలేక కుర్చీ కిందే కూర్చుండిపోతున్న పిల్లిని చూసి ముసలితనం అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. షుగరు అదుపులోకి వస్తే ఈ నడక చాలావరకు బాగుపడుతుంది.

ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన రక్తంలో చక్కెరను బట్టి జబ్బును తేల్చకూడదు. బుట్టలో పెట్టి, ఆటోలో తెచ్చి, కుక్కల అరుపుల మధ్య బల్లమీద పడుకోబెట్టేసరికి ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కూడా భయంతోనే చక్కెర 300 దాటవచ్చు. అందుకే వైద్యులు ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష కూడా చేస్తారు. అది గడిచిన వారం రెండు వారాల్లో చక్కెర సగటున ఎలా ఉందో చెబుతుంది. మనుషుల్లో రక్తంలో చక్కెర 180 దాటగానే మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. పిల్లి మూత్రపిండాలు ఇంకా ఎక్కువే, సుమారు 250 దాటిన దాకా, ఆపగలవు. కాబట్టి ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు పట్టిన మూత్రంలో చక్కెర కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కీటోన్లలో అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోన్ అని మూడు రకాలున్నాయి. అసిటోన్ ఊపిరితో బయటికి పోతుంది. జబ్బు ముదిరిన పిల్లి నోటి నుంచి గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి వాసన రావడానికి కారణం అదే. అయితే ఆ వాసన అందరి ముక్కులకూ అందదు. వాసన లేదు కాబట్టి కీటోన్లు లేవని అనుకోవడం ప్రమాదం. మిగిలిన రెండిటిలో మధుమేహపు పిల్లి రక్తంలో ఎక్కువగా పేరుకునేది బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్. మెడికల్ షాపులో దొరికే మూత్రపు స్ట్రిప్ మాత్రం నైట్రోప్రుసైడ్ రసాయనంతో పనిచేస్తుంది. అది పట్టుకునేది ముఖ్యంగా అసిటోఅసిటేట్‌ను. అంటే స్ట్రిప్ అసలు ముద్దాయిని వదిలి వాడి తోడుదొంగను చూపిస్తుంది. దీనివల్ల మొదటి దశలో కీటోన్లు ఉన్నదానికన్నా తక్కువగా కనబడతాయి. వైద్యం మొదలయ్యాక బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ తిరిగి అసిటోఅసిటేట్‌గా మారుతుంది కాబట్టి, పిల్లి కోలుకుంటున్నా కొంతసేపు స్ట్రిప్ రంగు ముదరవచ్చు. ఈ లోపాలున్నా స్ట్రిప్‌ను తీసిపారేయలేం. చవకైనది, సూది అక్కర్లేనిది, ఎవరైనా వాడగలిగినది అదొక్కటే.

చిక్కంతా మూత్రం పట్టడంలోనే. పిల్లి మూత్రానికి కూర్చున్నప్పుడు వెనక నుంచి పొడవు కాడ ఉన్న గరిటెను మెల్లగా తోక కిందికి జరిపి నాలుగు చుక్కలు పట్టవచ్చు. మొదటి రెండు మూడు సార్లు లేచిపోతుంది, తర్వాత పట్టించుకోదు. అలా కుదరని పిల్లికి ట్రేలో మామూలు ఇసుక బదులు కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్లు పోస్తే మూత్రం ఇంకిపోకుండా అడుగున నిలుస్తుంది. బాత్రూంలో తూము దగ్గర మూత్రం పోసే అలవాటున్న పిల్లయితే ఆ చోటును ముందే నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఫినాయిలో సబ్బు నురగో తగిలిన మూత్రంతో చేసిన పరీక్షను నమ్మలేం. స్ట్రిప్ చివరి గళ్లను వేలితో తాకకూడదు. ముంచి తీసి, అంచు దులిపి, డబ్బా మీద రాసిన సమయానికి సరిగ్గా చూడాలి. కీటోన్ల గడిని సాధారణంగా 15 సెకన్లకు చదువుతారు. లేత గోధుమ రంగు అలాగే ఉంటే కీటోన్లు లేనట్టు, గులాబీ మీదుగా వంగపండు రంగుకు తిరిగితే ఉన్నట్టు. ఆలస్యంగా చూస్తే రంగు మారిపోతుంది. డబ్బా మూత తీసి పెడితే కోస్తా జిల్లాల ఉక్కపోతకు స్ట్రిప్‌లు త్వరగా పాడవుతాయి. మూత తెరిచిన తేదీని డబ్బా మీద రాసుకుని, తయారీదారు చెప్పిన గడువు దాటాక పారేయాలి.

రక్తంలో కీటోన్లు కొలిచే మీటరు ఉంటే ఇంకా మంచిది. మనుషుల కోసం తయారైన కొన్ని గ్లూకోమీటర్లు వేరే స్ట్రిప్ పెడితే కీటోన్లు కూడా చూపిస్తాయి. ఇవి నేరుగా బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌నే కొలుస్తాయి కాబట్టి మూత్రపు స్ట్రిప్ కన్నా ముందే హెచ్చరిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఈ అంకె సాధారణంగా లీటరుకు 0.5 మిల్లీమోల్ లోపే ఉంటుంది. 1 దాటితే ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. 2.4 ప్రాంతానికి చేరితే కీటోఅసిడోసిస్ అని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కీటోన్ స్ట్రిప్‌లు ఖరీదైనవి, రోజూ వాడడం అందరి వల్లా కాదు. మూత్రంలో రంగు తిరిగినప్పుడు, లేదా మూత్రం దొరకని రోజున పిల్లి నీరసంగా కనబడినప్పుడు వాడడానికి నాలుగు స్ట్రిప్‌లు ఇంట్లో ఉంచుకున్నా ఎంతో మేలు.

జబ్బు కొత్తగా బయటపడి ఇన్సులిన్ డోసు ఇంకా కుదురుకోనప్పుడు కీటోన్లను రోజూ చూడాలి. అదుపులో ఉన్న పిల్లికి వారానికోసారి చాలు. చక్కెర వరసగా 300 పైనే ఉన్నా, ఇన్సులిన్ డోసు తప్పినా, పిల్లి తిండి మానినా, వాంతి చేసుకున్నా, మరే జబ్బు చేసినా వారం దాకా ఆగకుండా అదే పూట చూడాలి. లీలగా రంగు కనిపించి, పిల్లి మామూలుగా తింటూ తిరుగుతుంటే వైద్యుడికి ఫోన్ చేసి, డోసు గురించి అడిగి, కొన్ని గంటల తర్వాత మళ్లీ పరీక్షించవచ్చు. రంగు ముదిరినా, లీలగానే ఉన్నా పిల్లి తినకపోయినా, ఇంటి వైద్యానికి అక్కడితో సరి. నీళ్లు తాగించి చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో అనే మాటలకు ఇక్కడ చోటు లేదు.

కీటోన్లు ఊరికే పెరగవు. ఇన్సులిన్ తక్కువ కావడం ఒక కారణమైతే, ఒంట్లో మరో జబ్బు నక్కి ఉండడం రెండోది. చిగుళ్ల చీము, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, క్లోమ గ్రంథి వాపు, కాలేయానికి కొవ్వు పట్టడం, మూత్రపిండాల జబ్బు మొదలైనవి శరీరాన్ని ఒత్తిడికి గురిచేసి, ఇన్సులిన్‌కు ఎదురుగా పనిచేసే హార్మోన్లను పెంచుతాయి. పిల్లి తిండి మానడం మరీ ప్రమాదకరం. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే చాలు, షుగరు లేకపోయినా కాలేయం కొవ్వుతో నిండిపోయి పాడవగలదు. షుగరు కూడా ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి ముదరబెడతాయి. అందుకే ఆసుపత్రిలో కీటోన్లు తగ్గించడంతో సరిపెట్టకుండా అవి ఎందుకు పెరిగాయో వెతుకుతారు.

కీటోఅసిడోసిస్‌లో పడిన పిల్లి ముడుచుకుని కూర్చుంటుంది, నీళ్లు కూడా మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే కిందికి దిగదు. ఊపిరి లోతుగా, వేగంగా ఆడవచ్చు. పొటాషియం పడిపోతే తల పైకెత్తలేక గడ్డం ఛాతీ మీదికి వాలిపోతుంది. చెవులూ పాదాలూ చల్లబడతాయి. ఈ స్థితిలో ఇంట్లో ఇన్సులిన్ డోసు పెంచి ఇవ్వడం పెద్ద తప్పు. ఇన్సులిన్ పనిచేసేటప్పుడు రక్తంలోని పొటాషియంను, ఫాస్ఫరస్‌ను కణాల్లోకి లాగేస్తుంది. ఒంట్లో అప్పటికే అవి తరిగిపోయి ఉంటాయి కాబట్టి కండరాలు పట్టు తప్పవచ్చు, గుండె లయ చెడవచ్చు, ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఆసుపత్రిలో ముందు సెలైన్‌తో నీటి లోటు తీర్చి, లవణాలను సరిచేస్తూ, గంట గంటకూ చక్కెర చూస్తూ త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను కొంచెం కొంచెంగా ఇస్తారు. చక్కెర దిగాక కూడా ఇన్సులిన్ ఆపరు, గ్లూకోజు కలిపి కొనసాగిస్తారు. కీటోన్ల తయారీని ఆపేది ఇన్సులిన్ ఒక్కటే కాబట్టి. దీనికి రోజుల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. చిన్న క్లినిక్‌లో రాత్రిపూట ఎవరూ లేకపోతే పెద్ద ఆసుపత్రికి మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు. తెలుగు రాష్ట్రాల్లో రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. ఏ ఆసుపత్రిలో రాత్రిళ్లు పిల్లిని చేర్చుకుంటారో ఆపద రాకముందే కనుక్కుని ఫోన్ నంబరు గోడకు అంటించుకోవాలి.

ఇటీవల పిల్లుల మధుమేహానికి ఇంజెక్షన్ అక్కర్లేని మందులు వచ్చాయి. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి మందుకు అనుమతి లభించింది. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. రోజుకొకసారి నోట్లో వేస్తే చాలు కాబట్టి చాలామందికి ఊరటగా ఉంటుంది. అయితే ఈ మందు మీద ఉన్న పిల్లికి రక్తంలో చక్కెర మామూలుగా ఉంటూనే కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటరు 140 చూపిస్తుంటుంది, పిల్లి మాత్రం చావుబతుకుల్లో ఉంటుంది. ఈ ముప్పు మొదటి రెండు వారాల్లో ఎక్కువ, అప్పటికే ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లుల్లో మరీ ఎక్కువ. మందు వాడుతున్నంతకాలం కీటోన్లను చూస్తూనే ఉండాలి. ఈ జాతి మందులే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ పేర్లతో మన ఇళ్లలో పెద్దవాళ్ల మందుల డబ్బాల్లో ఉంటాయి. వాటినిగానీ, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలనుగానీ విరిచి పిల్లికి వేయడం ఎంతమాత్రం తగదు.

ఎక్కువ పిల్లులకు ఇప్పటికీ ఆధారం ఇన్సులినే, పన్నెండు గంటల తేడాతో రోజుకు రెండుసార్లు. చాలా పిల్లులకు పూటకు ఒక యూనిట్ చుట్టుపక్కల మొదలుపెడతారు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు పెంచాలో వైద్యుడే చెప్పాలి. మన దేశంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ దొరుకుతాయి, 100 యూనిట్లవీ దొరుకుతాయి. వాటికి సిరంజిలు కూడా వేరు. 40కి ఎర్రమూత సిరంజి, 100కు నారింజమూత సిరంజి వాడతారు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో ఒక గీత దాకా తీస్తే పిల్లికి రెండున్నర రెట్లు పడుతుంది, చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. తిరగేసి వాడితే సగం కూడా అందదు, ఆ లోటు కొన్ని రోజుల్లో కీటోన్లుగా బయటపడుతుంది. సిరంజి మీద అంకె, సీసా మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. షాపులో అడిగిన ఇన్సులిన్ లేదని మరో రకం, ముఖ్యంగా 30/70 మిశ్రమం, చేతిలో పెడితే తీసుకోకూడదు.

సూది వేయడం కొత్తవాళ్లకు భయంగా ఉంటుంది కానీ ఇన్సులిన్ సూది చాలా సన్నం. పిల్లి తింటుండగా పక్క డొక్క దగ్గర చర్మాన్ని గుడారంలా ఎత్తి కింద గుచ్చితే చాలా పిల్లులు తల కూడా తిప్పవు. రోజుకో చోటు మారుస్తుండాలి. వెంట్రుకలు తడిసినట్టు అనిపించి మందు లోపలికి వెళ్లిందో లేదో సందేహం వచ్చినా రెండోసారి వేయకూడదు. ఒక డోసు తప్పితే చక్కెర పెరుగుతుందంతే, రెండు డోసులు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో కారులో గంటసేపు వదిలేసిన సీసా పనికిరాదు. ఉన్నట్టుండి చక్కెర లొంగకపోతే, కీటోన్లు కనిపిస్తే, డోసు పెంచేముందు సీసాను అనుమానించాలి.

చక్కెర కొలవడానికి చెవి అంచు అనువైన చోటు. చెవిని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, వెనక దూది ఉంచి, అంచునున్న సన్నని రక్తనాళం పక్కన గుచ్చితే చుక్క వస్తుంది. ముందు కొంచెం వ్యాజిలీన్ రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. పిల్లి రక్తంలో చక్కెర ఎక్కువ భాగం ఎర్రకణాల్లో కాక ప్లాస్మాలోనే ఉంటుంది, అందువల్ల మనుషుల మీటరు అసలు కన్నా తక్కువ చూపడం మామూలు. ఎప్పుడూ ఒకే మీటరు వాడితే తేడాలు తెలుస్తాయి. 60 కన్నా దిగినా, పిల్లి తూలినా, వణికినా వెంటనే తిండి పెట్టాలి. మింగలేని స్థితిలో ఉంటే తేనెనో గ్లూకోజు నీళ్లనో చిగుళ్లకు రాసి ఆసుపత్రికి పరిగెత్తాలి, నోట్లో పోయకూడదు.

తిండి విషయంలో తెలుగు ఇళ్లు చాలా మారాలి. పెరుగన్నం, పాలన్నం, బిస్కెట్లు పిల్లి తింటుంది నిజమే, కానీ దాని ఒళ్లు మాంసం తినే జంతువుది. పిండి పదార్థాన్ని సంబాళించే శక్తి దాని కాలేయానికి తక్కువ. దుకాణంలో కొనే గట్టి గింజల మేతలో కూడా పిండి పదార్థం ఎక్కువే ఉంటుంది. పిండి తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తడి మేత షుగరు పిల్లికి మేలు. ఉప్పు కారం లేని ఉడికించిన కోడిమాంసం, చేప పెట్టవచ్చు గానీ అవి మాత్రమే పెడితే టారిన్, కాల్షియం వంటివి చాలవు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్క పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇన్సులిన్ తీసుకునే పిల్లికి తిండిని ఒక్కసారిగా మార్చకూడదు. అన్నం మాన్పించిన వారంలోనే ఇన్సులిన్ అవసరం తగ్గి, పాత డోసే ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. వైద్యుడికి చెప్పి, చక్కెర చూస్తూ మెల్లగా మార్చాలి. తిండి ముట్టని పూట ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ముందే అడిగి రాసుకోవాలి. పూర్తిగా మానేయడం కీటోన్లకు దారి, పూర్తిగా ఇవ్వడం చక్కెర పడిపోవడానికి దారి.

కొన్ని పిల్లులకు కొన్నాళ్ల తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. చక్కెర దిగివచ్చిన కొద్దీ అలసిన ఇన్సులిన్ కణాలు మళ్లీ కోలుకోవడమే దీనికి కారణం. 2009లో రూంప్, రాండ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, యజమానులే ఇంట్లో తరచుగా రక్తం చూస్తూ గ్లార్జిన్ ఇన్సులిన్‌ను సర్దుతూ వచ్చిన పిల్లుల్లో 64 శాతం ఈ స్థితికి చేరాయి. జబ్బు బయటపడిన ఆరు నెలల లోపు ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలో అది 84 శాతం, ఆలస్యమైన వాటిలో 35 శాతం. కీటోఅసిడోసిస్ నుంచి బతికి బయటపడ్డ పిల్లులు కూడా కొన్ని ఇలా ఇన్సులిన్ మానగలిగాయి. ఇన్సులిన్ ఆగిందంటే జబ్బు పోయిందని కాదు. బరువు పెరిగినా, పాత తిండికి మళ్లినా, దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించినా తిరిగి రావచ్చు. ఆ పిల్లికి రెండు వారాలకోసారి బరువు, నీళ్ల వాడకం, మూత్రంలో చక్కెర చూస్తుండాలి. చక్కెర కనిపించిన రోజున అదే స్ట్రిప్ మీద కీటోన్ల గడిని కూడా చదవాలి.